తోడు ఫైలు పైన అక్క పేరు

మా ఆఫీసులో ఏ అప్లికేషన్ పనిచేయకుండా పడిపోయినా ఒక మనిషి పేరే బయటికి వచ్చేది. ఆ మనిషి ఆ అప్లికేషన్‌ను ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. ఆ రోజు సెలవులో ఉండొచ్చు. ప్రగతి నగర్ చెరువు గట్టున కూతురికి సైకిల్ నేర్పిస్తూ ఉండొచ్చు. అయినా సరే, పేరు ఆమెదే. ఇందులో మాయా మంత్రం ఏమీ లేదు. మాదాపూర్‌లో మాయలు చేసేంత తీరిక ఎవరికీ లేదు. ఉన్నదల్లా కాపీ కొట్టే అలవాటు.

ఆ పేరు నేను ఇక్కడ రాయను. రాయకూడని చోట్లన్నీ ఇప్పటికే రాసి ఉంది. టీములో అందరిలాగే నేనూ ఆమెను అక్క అనేవాణ్ణి. అనంతపురం వైపు మనిషి. మా కంపెనీ మాదాపూర్‌లో ఒక టిఫిన్ సెంటర్ పైన రెండు గదుల్లో ఉన్నప్పుడు చేరింది. ఇప్పుడు మాకు అద్దాల భవనంలో అంతస్తులున్నాయి, లిఫ్టు కోసం క్యూ ఉంది, మెడలో ఐడీ కార్డు తాడు ఉంది. టిఫిన్ సెంటర్ మాత్రం లేదు. అభివృద్ధి అంటే ఇదేనని అంటారు.

ముందు ఈ కాన్ఫిగరేషన్ ఫైలు అంటే ఏమిటో చెప్పాలి. మా అమ్మకు చెప్పినట్టే చెబుతాను, ఎందుకంటే ఆమెకు అర్థమైంది, మా మేనేజర్‌కు కాలేదు. మియాపూర్‌లో మేముండే అపార్ట్‌మెంటుకు ఒక వాచ్‌మన్ ఉన్నాడు. గేటు దగ్గరికి ఎవరొచ్చినా ఏ ఫ్లాటుకని అడిగి, పాలు తెచ్చినవాణ్ణి ఒక వైపు, కొరియర్ తెచ్చినవాణ్ణి ఇంకో వైపు పంపిస్తాడు. జావాలో రాసిన వెబ్ అప్లికేషన్‌కు కూడా అలాంటి గేటు ఉంటుంది. పనిచేసే కోడ్ అంతా లోపల ఫ్లాట్లలో కూర్చుని ఉంటుంది. ఏ మాటతో వచ్చినవాణ్ణి ఏ ఫ్లాటుకు పంపాలి, పని అయ్యాక ఏ పేజీ చూపించి సాగనంపాలి అన్నది ఒక ఫైలులో రాసి వాచ్‌మన్ చేతిలో పెట్టాలి. అంతే. మా అమ్మ అంతా విని, "గీ పని కోసమేనా రోజూ మెట్రోల నిలబడి పోతున్నవ్?" అంది.

ఇప్పటి కొత్త ఫ్రేమ్‌వర్కుల్లో ఈ సర్దుడు సగం దానంతటదే జరిగిపోతుంది. మా కంపెనీ పాత ఫ్రేమ్‌వర్కునే పట్టుకుని వేలాడుతుంది. అది తప్పని నేననను. పాత కుక్కర్‌లో అన్నం ఉడకదా, ఉడుకుతుంది. కానీ కొత్త ప్రాజెక్టు వచ్చినప్పుడల్లా ఈ ఫైలును ఖాళీ పేజీ మీద మొదటి నుంచి రాసుకోవాలి. మా దగ్గర ఎవరూ రాయరు. పక్క ప్రాజెక్టు ఫైలు తెచ్చుకుని అందులో తమ వరుసలు కలిపేస్తారు. పక్కింటి నుంచి గరిటెడు పెరుగు తెచ్చి పాలలో తోడు వేసినట్టు. అందుకే దాని పేరు తోడు ఫైలు. నేను చేరిన మొదటి వారంలో పక్క వరుస నుంచి ఒకడు, "భయ్, నీ దగ్గర తోడున్నదా?" అని అడిగితే, పెరుగు తేలేదు, పులిహోర ఉందని చెప్పాను. అతను నన్ను జాలిగా చూశాడు.

పెరుగు ఎన్ని ఇళ్ళు తిరిగినా పెరుగే. ఫైలు అలా కాదు. తిరిగిన ప్రతి ఇంట్లో ఏదో ఒకటి అంటించుకుని వస్తుంది. నాకు ఇచ్చిన తోడు ఫైలు తెరిచి చూస్తే అందులో ఎప్పుడో మూతపడిన బస్సు టికెట్ల ప్రాజెక్టు తాలూకు వరుసలున్నాయి. ఒక బడి ఫీజులవి ఉన్నాయి. ఒక ఫంక్షన్ హాల్ బుకింగ్‌వి బోలెడున్నాయి. ఈ పెళ్ళి మండపం వరుసలు మనకెందుకని మేనేజర్‌ను అడిగాను.

"ఉండనివ్వండి. తీస్తే ఏమవుతుందో తెలీదు కదండి," అన్నాడు.

మా మేనేజర్ కోస్తా వైపు మనిషి. ఈ ప్రాజెక్టులన్నీ ఆయన కిందివే. అందరినీ అండీ అంటాడు. తిట్టేటప్పుడు కూడా అండీ అనే తిడతాడు, కాబట్టి తిట్టు అయిపోయాక గానీ అది తిట్టని తెలియదు. చెడ్డవాడు కాదు. ఇది నేను మర్యాద కోసం అంటున్న మాట కాదు. చెడ్డవాడైతే నాకు ఇంత కోపం వచ్చేది కాదు. చెడ్డవాళ్ళ దగ్గర ఒక పద్ధతి ఉంటుంది.

ఆ ఫైలులో అన్నిటికంటే పైన ఒక కామెంట్ వరుస ఉండేది. కామెంట్ అంటే కంప్యూటర్ చదవకుండా దాటేసే వరుస, మనుషుల కోసం రాసేది. మా ఆఫీసులో మనుషులు కూడా చదవరు కాబట్టి అది ఎవరి కోసమో చెప్పడం కష్టం. 'రాసినవారు' అని, పక్కన అక్క పేరు. టిఫిన్ సెంటర్ రోజుల్లో మొట్టమొదటి ఫైలు ఆమె రాసింది. బుద్ధిగా పేరు పెట్టుకుంది. తరవాత ఎవరు కాపీ కొట్టినా పైనుంచి కిందికి మొత్తం కొట్టారు. అలా ఆ పేరు బస్సు ఎక్కింది, బడికి వెళ్ళింది, పెళ్ళి మండపం తిరిగింది. ఇంటి గుమ్మానికి నిమ్మకాయ కట్టినట్టు అందరూ దాన్ని కట్టుకుని తిరిగారు. అన్నాళ్ళూ ఎవరికీ ఏ నష్టమూ లేదు.

నష్టం టూల్ రూపంలో వచ్చింది. కంపెనీ ఒక కొత్త టూల్ కొన్నది. ఎక్కడ ఏ అప్లికేషన్ పడిపోయినా, ఎవరైనా తప్పు నమోదు చేసినా అది తప్పు ఏ ఫైలులో జరిగిందో పట్టుకుంటుంది, ఆ ఫైలు పైనున్న పేరు చదువుతుంది, ఆ పేరు మీదున్న ఎర్ర గీతను కొంచెం పెంచుతుంది. కంప్యూటర్ చదవని వరుసను చదివే కంప్యూటర్‌ను డబ్బిచ్చి మరీ తెచ్చుకున్నాం. గోడమీది టీవీలో ఆ గీతలు పగలంతా కనిపించేవి. అందరివీ మొలకల్లా ఉంటే అక్కది మాత్రం సెల్ టవర్‌లా లేచి నిలబడింది. క్యాంటీన్ నుంచి కాఫీ పట్టుకుని వచ్చేవాళ్ళు టీవీ చూసి, తరవాత అక్కను చూసి, కాఫీలోకి చూసుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు.

అసలు ఎవరు మార్చారో చరిత్రలో ఉండదా అని మీరడగొచ్చు. ఉండాలి. లోకంలో ప్రతి కంపెనీలోనూ ఫైలును ఎవరు ముట్టుకున్నారో ఎవరి లాగిన్‌తో వారికి రాసిపెట్టే ఏర్పాటు ఉంటుంది. మా టీములో అందరికీ కలిపి ఒకే లాగిన్. పాస్‌వర్డ్ మరిచిపోతే పక్కవాణ్ణి అడగొచ్చనే సౌకర్యం కోసం. కాబట్టి చరిత్ర తీసి చూస్తే అన్ని పాపాలూ, అన్ని పుణ్యాలూ 'టీమ్' అనే ఒకే ఒక్కడు చేసినట్టు ఉంటుంది. మేం అద్వైతంలో బతుకుతున్నామని టూల్‌కు తెలియదు పాపం.

ఇక దవాఖాన సంగతి. ఒక ప్రైవేటు దవాఖానకు మేం డాక్టర్ అపాయింట్‌మెంట్ల అప్లికేషన్ చేస్తున్నాం. దాని కాన్ఫిగరేషన్ ఫైలు సర్దే పని నాకు పడింది. నేను తోడు ఫైలే తీసుకున్నాను, అబద్ధమెందుకు. కానీ కూర్చుని ఒక్కో వరుసా చదివి బస్సును, బడిని, మండపాన్ని తీసేశాను. తీసిన ప్రతిసారీ నడిపి చూశాను. పడలేదు. పైనున్న పేరు కూడా తీసేశాను. అక్క అసలు ఆ ప్రాజెక్టులోనే లేదు, ఆమె పై అంతస్తులో వేరే పని మీద ఉంది. ఆఖరికి ఫైలు ఒక స్క్రీన్‌లో పట్టేంత మిగిలింది. నేను దాన్ని కాసేపు చూస్తూ కూర్చున్నాను. ఇల్లు ఊడ్చుకున్నాక గుమ్మంలో నిలబడి చూసుకుంటామే, అలా.

దవాఖాన వాళ్ళు పంతులుతో ముహూర్తం పెట్టించారు. ముహూర్తం రోజు పొద్దున మేమంతా మా మీటింగ్ గదిలో పెద్ద తెర ముందు చేరాం. వీడియోలో అవతల వాళ్ళ హాలులో పూలు, కొబ్బరికాయ, పట్టుచీరలు. ఇవతల మా మేనేజర్ ముఖం దేదీప్యమానంగా ఉంది. ఎందుకో ఆయనే చెప్పాడు.

"నిన్న సాయంత్రం నేనే సర్దానండి. మీ ఫైలు మరీ బోసిగా ఉంది. అందుకని ఫంక్షన్ హాల్ ఫైలు మొత్తం తెచ్చి, దాని పేజీలతో సహా తెచ్చి, అందులో మన వరుసలు కలిపేశాను. అది కలిసొచ్చిన ఫైలండి. ఇంతవరకూ ఒక్కసారి కూడా పడలేదు."

కలిసొచ్చిన ఇల్లు విన్నాను. కలిసొచ్చిన బండి నంబరు విన్నాను. కలిసొచ్చిన కాన్ఫిగరేషన్ ఫైలు వినడం అదే మొదలు. నడిపి చూశారా సార్ అని నేను అడిగేలోపే అవతల కొబ్బరికాయ కొట్టేశారు.

మొదటి అపాయింట్‌మెంటు దవాఖాన పెద్దాయన వాళ్ళ అమ్మగారితో చేయించారు. మోకాళ్ళ డాక్టర్ దగ్గరికి. ఆమె వణికే వేలితో నొక్కింది. తెర మీద మల్లెపూల దండ, రెండు చిలకలు వచ్చాయి. 'శుభాకాంక్షలు. మీ కల్యాణ మండపం ఖాయమైంది. వధూవరుల పేర్లు నమోదు చేయండి.'

ముసలమ్మ కళ్ళద్దాలు సర్దుకుని రెండోసారి చదివింది. మైకు ఆమె దగ్గరే ఉంది.

"గీ వయసుల నాకు పెండ్లేందిరా?" అంది.

జరిగింది చిన్న విషయం. బుకింగ్ ఖాయమైతే ఏ పేజీ చూపించాలన్నది మా వరుసల్లోనూ ఉంది, మండపం వరుసల్లోనూ ఉంది. రెండు చోట్లా ఒకే మాట వాడారు. ఒకే ఫ్లాటు నంబరుకు వాచ్‌మన్ చేతిలో రెండు చీటీలు పెడితే వాడు చివరిదే పట్టుకుంటాడు, మా పాత ఫ్రేమ్‌వర్కు కూడా అంతే, నోరెత్తి ఒక మాట అడగదు. చివర ఉన్నది మండపం. నేను నా బోసి ఫైలు మళ్ళీ పెట్టేసరికి సర్దుకుంది. అవతల వాళ్ళు కూడా ముసలమ్మ మాటకు నవ్వుకుని లడ్డూలు పంచుకున్నారు. అంతటితో అయిపోవాల్సిన కథ.

కానీ టూల్ నవ్వదు. మండపం ఫైలు పైన పేరు చదివింది. ప్రారంభోత్సవం రోజు, కస్టమర్ కళ్ళముందు, పెద్ద తప్పు. అక్క గీత టీవీలో పై అంచును తాకింది.

మర్నాడు అక్కకు మెయిల్ వచ్చింది. ఆమెను మెరుగుదల ప్రణాళికలో పెట్టారు. హైటెక్ సిటీలో పనిచేసే ఎవరికైనా ఈ మాట వింటే వెన్ను చల్లబడుతుంది. పేరు మర్యాదగా ఉంటుంది. నెలల తరబడి మీరెలా మెరుగుపడుతున్నారో చూస్తామంటారు. అందులో పడ్డవాళ్ళు మెరుగుపడి తిరిగొచ్చిన దాఖలా నేను చూడలేదు. మెడలో తాడు తీసి రిసెప్షన్‌లో ఇచ్చి వెళ్ళడమే చూశాను.

నేను మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. కోపం వస్తే నాకు జోకులు వస్తాయి, ఆ రోజు అవి కూడా రాలేదు.

"సార్, ఆ ఫైలు మీరే పెట్టిన్రు కద."

"పెట్టింది నేనేనండి. రాసింది నేను కాదు కదండి."

ఆ వాక్యాన్ని నేను చాలా రోజులు నమిలాను. నిప్పు పెట్టింది నేనే, అగ్గిపెట్టె చేసింది మాత్రం శివకాశి వాళ్ళు. పైగా ఆయన ఆ మాట సిగ్గుపడుతూ అనలేదు, తప్పించుకుంటూ కూడా అనలేదు. చాలా సహజంగా, నీళ్ళ బాటిల్ మూత తిప్పుతూ అన్నాడు. టూల్ ఆటోమేటిక్ అండి, మన చేతుల్లో ఏముందండి అన్నాడు. మన చేతుల్లో లేనిదాన్ని మన డబ్బుతోనే కొని, మన ఉద్యోగాల మీదికి ఎవరు తెచ్చారని అడిగితే, మీరు బాగా మాట్లాడతారండి అన్నాడు. ఇది తిట్టని నాకు క్యాంటీన్‌కు చేరాక తెలిసింది.

అక్క కింద రోడ్డు పక్క టీ బండి దగ్గర ఉంది. నేను వెళ్ళి అంతా చెప్పాను, చేతులు తిప్పుతూ.

"ఏమప్పా, నాకంటే నువ్వే ఎక్కువ ఉడికిపోతాండావు," అంది.

"నీకు మండుతలేదా అక్కా?"

"మండకుండా ఎట్లుంటాదప్పా? నలభై దాటినాక జావా వచ్చునని బయటికి పోతే, అది సరే, ఇంకేం వచ్చునంటారు. పాపది పదో తరగతి. ఇప్పుడు ఈడ నుంచి కదిలిస్తే యాడికి పోవాల?" టీ గ్లాసు బండి మీద పెట్టింది. "చేసిన తప్పుకు పంపినా పోదును. మండపం బుక్ చేసినానని పంపితే ఇంట్లో ఏం చెప్పాల?"

నేను నవ్వలేదు. ఆమె నవ్వింది, కానీ గ్లాసు మళ్ళీ తీసుకోలేదు.

నా ఉద్దేశంలో యుద్ధం చేయాలి. అందరి చేత సంతకాలు పెట్టించాలి, పైవాళ్ళకు మెయిల్ కొట్టాలి, ఒక ప్రసంగం తయారు చేసుకోవాలి. ప్రసంగం నేను రాసేశాను కూడా. అందులో 'అన్యాయం' అన్న మాట చాలాసార్లు వచ్చిందని చదివి చూసుకుంటే తెలిసింది, కొన్ని తీసేసి 'దుర్మార్గం' పెట్టాను. సంతకాలకు తిరిగితే అందరూ అక్క మంచిదన్నారు, చాలా మంచిదన్నారు, పెన్ను మాత్రం పట్టుకోలేదు. ఒకడు తన గీత చిన్నగా ఉందని, ఇప్పుడు కదిలిస్తే పెరుగుతుందేమోనని భయపడ్డాడు. అది మొలక కాదు, వాడి బతుకు.

అక్క మాత్రం ఇవేవీ పట్టనట్టు తన సీట్లో కూర్చుని ఏదో పొడుగాటి ఫైలు చదువుతూ ఉండేది. ఎప్పుడు చూసినా అదే. తలమీద కత్తి వేలాడుతుంటే చదువుకోవడమేంటని నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. ఆ వారం నాకు కోపం రానిది లిఫ్టు మీద ఒక్కటే, అదీ నేను మెట్లెక్కాను కాబట్టి.

శుక్రవారం పొద్దున హెచ్ఆర్ మేడమ్ మీటింగ్ పెట్టింది. మేడమ్, మేనేజర్, అక్క, సాక్షిగా పట్టుబట్టి దూరిన నేను. హెచ్ఆర్ మేడమ్ ఈ పక్క ఊళ్ళ మనిషే. ఇప్పుడు అద్దాల భవనాలున్న చోట తమ తాతలు జొన్నలు వేశారని ఒకసారి లిఫ్టులో చెప్పింది. కంప్యూటర్ల సంగతి నాకు తెలియదు, మనుషుల సంగతి చెప్పండి అంటుంది. ప్రణాళిక మీద మీరు చెప్పుకునేది ఏమన్నా ఉందా అని అక్కను అడిగింది. నేను ప్రసంగం కాగితం జేబులోంచి సగం తీశాను.

"నాకు ఒకటే కావాల మేడమ్," అంది అక్క. "ఆ మండపం ఫైలు పైన నా పేరుండాది. సార్ దాన్ని తీసేస్తే చాలు."

అంతే. నేను కాగితం లోపలికి తోసేశాను. ఉద్యోగం పోయే చోట ఇదా అడిగేది? క్షమాపణ లేదు, ప్రణాళిక రద్దు లేదు, ఎవరు పెట్టారో చెప్పండన్న మాట లేదు.

మేనేజర్ ల్యాప్‌టాప్‌ను తెరకు కలిపి ఫైలు తెరిచాడు. అది ఫంక్షన్ హాల్ వాళ్ళ అప్లికేషన్‌లో అప్పటికీ నడుస్తున్న ఫైలు. పై వరుసలో అక్క పేరు. ఆయన దాని మీద కర్సర్ పెట్టి ఆగాడు.

"ఇప్పుడేనాండి?"

"ఆ వరుస తీస్తే ఏమైతది సార్?" అని మేడమ్ అడిగింది.

"ఏమీ అవదండి. అది ఉత్త కామెంట్. సిస్టం దాన్ని చదవదు."

"మరి తీయండి."

ఆయన వేలు కీ మీద ఆనించాడు. నొక్కలేదు. గోడ గడియారం చూశాడు. నుదురు తుడుచుకున్నాడు.

"కలిసొచ్చిన ఫైలండి. ఇన్నేళ్ళ నుంచి అలానే ఉంది. పైగా శుక్రవారం, పదిన్నర దాటింది. పన్నెండు తరవాత చూద్దామండి."

రాహుకాలం. జావాకు రాహుకాలం. హెచ్ఆర్ మేడమ్ పెన్ను మూతపెట్టి బల్ల మీద పడుకోబెట్టింది.

"సిస్టం చదవని వరుస అంటున్నరు. ముట్టుకుంటే పడిపోతదని మీరే భయపడుతున్నరు. గా వరుసనే చూసి మేం ఈమెను ప్లాన్ల పెట్టినం," అంది నిదానంగా. "జర అందరం నీళ్ళు తాగుదాం."

నీళ్ళు తాగాం. అక్క లేచి వెళ్ళి, మేనేజర్ పక్కనుంచి చెయ్యి చాపి, ఆ వరుస తీసేసి సేవ్ చేసింది. ఫంక్షన్ హాల్ సైటు తెరిచింది. చిలకలు ఉన్నాయి, దండ ఉంది, అన్నీ నడుస్తున్నాయి. మిగతా ప్రాజెక్టుల్లో కూడా తన పేరు తీయడానికి మెయిల్‌లో అనుమతి ఇమ్మంది. మేడమ్ అక్కడే కూర్చుని ఇచ్చింది. ప్రణాళిక సంగతి మాత్రం పైవాళ్ళతో మాట్లాడి చెబుతామంది. అంటే కత్తి అక్కడే ఉంది, తాడు కొంచెం గట్టిగా కట్టారు.

బయటికి రాగానే నేను పేలిపోయాను. ఆయన వేలు కీ మీదే ఆగిపోయింది, మేడమ్ కళ్ళారా చూసింది, అప్పుడే గట్టిగా అడగాల్సింది. "గింతేనా అక్కా అడిగేది?"

"చాలప్పా. పో, మిగతావి తీసేసి రా."

తీసేసి వచ్చాను. ఆ పనిలో నాకు మా ఆఫీసు అసలు ముఖం కనిపించింది. బీటెక్‌లు, ఎంటెక్‌లు చేసినవాళ్ళు, పనిచేయని ఒక వరుస తీయడానికి వెనక్కి తగ్గారు. బడి ఫీజుల టీములో ఒకతను కుర్చీ నాకిచ్చి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. "నువ్వే తీసినవ్, నేను చూడలే," అన్నాడు. ఇంకొకాయన మానిటర్ మీద దసరా కుంకుమ బొట్టు ఇంకా ఉంది, దాన్ని ముట్టుకోకుండా టైపు చేయమన్నాడు. ఎక్కడా ఏదీ పడిపోలేదు.

అంటే, ఆ రోజు పడిపోలేదు. మా అప్లికేషన్లు పడిపోవడానికి పేర్లతో పనిలేదు, వాటి కారణాలు వాటికున్నాయి. సోమవారం బడి ఫీజులు పడింది. మధ్యాహ్నానికి ఇంకొకటి. నేను టీవీ వైపు చూశాను. అక్క గీత పెరగలేదు. దాని పక్కన కొత్త గీత ఒకటి మొలిచింది. వారం తిరిగేసరికి అది తాటిచెట్టంత అయింది. దాని కింద మా మేనేజర్ పేరు.

ఆయన పై అంతస్తుకు మెట్లెక్కి వచ్చాడు. నేను అప్పుడు అక్క సీటు దగ్గరే ఉన్నాను.

"ఇదేంటండి? నేను ఆ ఫైళ్ళు ముట్టుకోనే లేదండి."

"అవును సార్, మీరు ముట్టుకోలేదు," అంది అక్క. ఆమె గొంతులో ఎగతాళి లేదు, అదే ఎక్కువ బాధించి ఉంటుంది. "ఫైలు పైన పేరు లేకపోతే ఆ ప్రాజెక్టుల మేనేజర్ పేరు మీదికి రాయమని టూల్ కాన్ఫిగరేషన్‌లో ఉండాది. దాన్ని కూడా ఎవరో వేరే కంపెనీ నుంచి కాపీ కొట్టినట్టుండారు. చదివినట్టు లేరు."

ఆమె అన్నాళ్ళూ చదువుతూ కూర్చున్న పొడుగాటి ఫైలు అదని నాకు అప్పుడు తెలిసింది. నా ప్రసంగం అప్పటికీ జేబులోనే ఉంది. చెమటకు మెత్తబడింది.

ఆ సాయంత్రమే మేనేజర్ అందరికీ మెయిల్ పంపాడు. టూల్ చెప్పే పేర్లు నమ్మదగినవి కావని, దాని ఆధారంగా ఎవరి మీదా చర్య తీసుకోవడం న్యాయం కాదని, ఇంతవరకు తీసుకున్న చర్యలన్నీ రద్దయ్యాయని, పైవాళ్ళు కూడా ఒప్పుకున్నారని. న్యాయం అన్న మాట నా ప్రసంగంలో కంటే బాగా వాడాడు. అక్క ఉద్యోగం ఆ 'అన్నీ' అన్న ఒక్క మాటలో తిరిగొచ్చింది. క్షమించమని లేదు. ఆమె పేరు ఎక్కడా లేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె పేరు ఉండాల్సిన చోట లేకుండా పోయింది.

నాకు ఆనందం కలగాలి కదా. నాకు ఒళ్ళు మండింది. నిజం అందరికీ తెలిసినప్పుడు ఎవరూ కదల్లేదు. అది మేనేజర్ కుర్చీ కింద రాజుకున్నాక గానీ దానికి వేడి ఉందని ఎవరికీ తోచలేదు. ఈ మాటే అక్కతో అన్నాను. ఆమె మెయిల్ రెండుసార్లు చదివి, కూతురికి ఫోన్ చేసి, ఫీజు కట్టేస్తానని ట్యూషన్ సార్‌తో చెప్పమంది. అప్పుడు గానీ ఇన్నాళ్ళూ కట్టకుండా ఆగిందని నాకు తట్టలేదు.

నెల తిరక్కుండానే కొత్త ప్రాజెక్టు వచ్చింది. మేనేజర్ అక్క దగ్గరికే వచ్చి, ఒక శుభ్రమైన తోడు ఫైలు చేసి పెట్టండి, పేరు మీ ఇష్టమండి అన్నాడు. ఆమె చేసింది. అవసరమైన వరుసలు మాత్రమే, ఒక స్క్రీన్‌లో పట్టేంత. పైన పేరు పెట్టలేదు. పేరుండే చోట ఒక కామెంట్ రాసింది. 'కాపీ కొట్టే ముందు కింద ఉన్నది చదవండి. మీకు అక్కర్లేనిది తీసేయండి.'

మొన్న వేరే అంతస్తులో ఒకతను, ఫైలు ఎందుకో నడవడం లేదు, జర చూడు భయ్ అంటే వెళ్ళాను. తెరిచాను. పైన అక్క రాసిన ఆ కామెంట్ అక్షరం పొల్లుపోకుండా ఉంది. దాని కింద మా దవాఖాన వరుసలు, వాటి కింద బస్సు, దాని కింద మండపం. ఇది చదివినవా అని పై వరుస చూపించాను.

"గా వరుసనా? గది తీయకు భయ్," అన్నాడు. "గది మొదటి సంది ఉన్నది."